చెవికి చాలినది పెట్టెకు చాలదు

ఘంటసాల వారి భగవద్గీతను గురించి గతంలో వ్రాసిన ఒక టపాలో, ఉదయపు నడకలో సెల్‌ఫోనులో ఆ శ్లోకాలు వింటుంటానని ఒక మాట అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకొని నా చిరకాల మిత్రులొకరు ఫోను చేసి చీవాట్లు పెట్టారు. ఆయనా నాలాగే ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసినవారు. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నారు.

“ఎంపీత్రీల విని మురుస్తున్నరా సారూ? గది పాట గాదు, పాట పీనుగ. ఫ్లాక్‌ల వినుండ్రి, తేడా ఏందో తెలుస్తది. నాకైతే రెండు సెకండ్లల్ల దొరుకుతది.”

ఆయన మాటలో సంగీతం మీద ప్రేమ ఉంది, నా మీద చనువు ఉంది. లేనిదల్లా నిరూపణ. “నేను విన్నాను గనుక ఉన్నది” అన్నది ఆయన వాదం. ప్రత్యక్షం ప్రమాణమే, కాదనను. కాని దోషం లేని ప్రత్యక్షమే ప్రమాణమని మన తర్కశాస్త్రం చెప్పింది. చీకట్లో తాడును చూచి పామని అరచినవాడు కూడా తాను చూచిందే చెప్పాడు.

ఈ వాదంలో నేను ఇద్దరితో తగాదా పడవలసి ఉంది. మొదటివారు, బాగా తయారుచేసిన ఎంపీత్రీకీ అసలు ధ్వనికీ తేడా తమ చెవికి తెలుస్తుందని ప్రతిజ్ఞ చేసేవారు. రెండవవారు, తేడా తెలియదు గదా, ఇక అసలు ఎందుకని పారవేసేవారు. మొదటివారి వల్ల జరిగే నష్టం వారి జేబుకే. రెండవవారి వల్ల జరిగే నష్టం మనందరికీ. నేను స్వయంగా నష్టపోయాను గనుక ఆ సంగతీ చెబుతాను. ముందు మొదటివారి లెక్క తేలుద్దాం.

సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద నిలుపుతారు. కుడి ఎడమలు రెండూ కలిపితే సెకనుకు 1,411 కిలోబిట్లవుతుంది; నిమిషం పాటకు పది మెగాబైట్ల పైమాట. దీనిని కుదించడానికి రెండు దారులున్నాయి. మొదటిది నష్టరహితమైన కుదింపు. ఫ్లాక్ అనేది ఇదే, 2001లో వచ్చింది. సామాను సర్ది మూట కట్టినట్టు పరిమాణం సగానికి కొంచెం అటూ ఇటూగా తగ్గుతుంది. మూట విప్పితే ఒక్క బిట్టు కూడా పోకుండా యథాతథంగా బయటికి వస్తుంది. రెండవది నష్టంతో కూడిన కుదింపు. ఎంపీత్రీ ఈ జాతిది. అది 320 కిలోబిట్లయితే అసలులో నాలుగవ వంతు కన్న తక్కువ, 128 అయితే పదకొండవ వంతు. మిగిలినది పారవేస్తుంది. పారవేసినది మళ్ళీ రాదు.

అంత పారవేస్తే తెలియకపోవడం ఎలా అంటారా? మా సిద్దిపేట జిల్లాలో కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్ళినవారికి ఇది వివరించనక్కర లేదు. ఒగ్గు కళాకారులు డోళ్ళ మీద దరువు వేస్తుంటే పక్కనున్న మనిషి చెవిలో చెప్పిన మాట వినబడదు. మాట లేక కాదు, డోలు దానిని కప్పివేసింది. చెవికి ఉన్న ఈ లక్షణాన్ని శాస్త్రజ్ఞులు కొలిచి, ఏ ధ్వని చాటున ఏ ధ్వని వినబడదో లెక్క కట్టి, ఆ వినబడని దాని మీద ఖర్చు తగ్గించారు. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు ఇందులో ప్రధాన పాత్ర వహించారు. ప్రమాణ గ్రంథం 1993లో వెలువడింది. ఎంపీత్రీ అన్న పొట్టి పేరు 1995లో స్థిరపడింది. వారిలో ముఖ్యుడైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, సుజాన్ వేగా అనే గాయని వాద్యాలు లేకుండా పాడిన ఒక పాటను కుదిస్తే తొలుత ఆమె గొంతు వికృతంగా వినిపించింది. అది సరిగా వినిపించేదాకా ఆయన ఆ పాటనే పదే పదే వింటూ తన పద్ధతిని దిద్దుకున్నాడు. కనుక దీనిని చెవిలేనివారు చేసిన పనిగా కొట్టివేయరాదు. చెవిని ఆరాధ్యంగానూ అనుమానాస్పదంగానూ చూచినవారు చేసిన పని ఇది.

ఇక మా మిత్రుల ప్రతిజ్ఞ. ఆయనను పండుగకు రాయపోల్ రమ్మన్నాను. ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు సెలవులకు వచ్చి ఉన్నాడు. నా దగ్గరున్న మూడు సీడీలు తీశాము: గీత ఒకటి, నాదస్వరం ఒకటి, ఈ కాలపు సినిమా పాటలది ఒకటి. ఒక్కొక్క దాని నుంచి ఒక భాగం తీసి, ఫ్లాక్‌గా ఒకటి, 320లో ఒకటి, 128లో ఒకటి, 48లో ఒకటి మనవడు తయారుచేశాడు. శబ్దపు హెచ్చుతగ్గులు అన్నింటా సమానం చేశాడు. మిత్రులు తమ హెడ్‌ఫోన్లే తెచ్చుకున్నారు, తీగ ఉన్నవే. పరీక్ష ఇలా సాగుతుంది. ‘అ’ అంటే ఫ్లాక్, ‘ఆ’ అంటే ఎంపీత్రీ. రెండూ ఎన్నిసార్లయినా వినవచ్చు. తరువాత కంప్యూటరు తన ఇష్టం వచ్చిన దానిని పేరు చెప్పకుండా వినిపిస్తుంది. అది అకారమో ఆకారమో మనం చెప్పాలి. ఒక్కొక్క మెట్టుకు పదహారు సార్లు. ప్రపంచమంతటా ఏబీఎక్స్ పరీక్ష అనేది ఇదే.

ఫలితం వ్రాస్తున్నాను. 320 దగ్గర మిత్రులు పదహారింటికి తొమ్మిది, నేను ఏడు, మనవడు ఎనిమిది. 128 దగ్గర మిత్రులు పది, నేను ఎనిమిది, మనవడు పదమూడు. 48 దగ్గర మిత్రులు పదహారూ, మనవడు పదహారూ, నేను పదిహేను.

తొమ్మిది చూచి మిత్రులు “సగం కన్న ఎక్కువనే గదా” అన్నారు. బొమ్మా బొరుసా అని నాణెం ఎగురవేసి చెప్పినా, పదహారింటికి తొమ్మిదో అంతకు మించో తగిలే అవకాశం నూటికి నలభై పాళ్ళు. పన్నెండు దాటితే మాత్రం నూటికి నాలుగు పాళ్ళ లోపు. అందుకే పన్నెండు వస్తేనే విన్నాడని ఒప్పుకోవడం ఈ పరీక్షలో వాడుక. ఆ లెక్కన 128 దగ్గర మా మనవడు నిజంగా విన్నాడు. తాళాల మోత చివర, చప్పట్లలో, ఒక విధమైన నీళ్ళ శబ్దం వంటిది ఉందని పట్టుకున్నాడు. మేమిద్దరం వినలేదు. ఎందుకు వినలేదో కూడా వాడే చూపాడు. ఒక్కొక్క స్వరస్థాయిని పెంచుతూ వినిపించాడు. సెకనుకు పదకొండు వేల కంపనాలు దాటగానే మా ఇద్దరికీ నిశ్శబ్దమే. వాడు పదిహేడు వేల దాకా విన్నాడు. అరవై దాటిన చెవులకు పై స్థాయిలు మూసుకుపోవడం ప్రకృతి ధర్మం, సిగ్గుపడవలసిందేమీ లేదు. కాని ఆ చెవులతో ‘రెండు సెకండ్లల్ల’ అన్న మాట మాత్రం ఆలోచించి అనవలసింది.

మా ఇంటి పరీక్షను శాస్త్రమనడం లేదు. శాస్త్రజ్ఞులు చేసినవి ఉన్నాయి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారు 2009లో శిక్షణ పొందిన శ్రోతల మీద చేసిన పరీక్షలో, 96 నుంచి 192 కిలోబిట్ల వరకు ఎంపీత్రీ కన్న సీడీయే మెరుగని శ్రోతలు స్పష్టంగా ఎంచగలిగారు. 256, 320 దగ్గర ఎంచలేకపోయారు. 2007లో మేయర్, మొరాన్ అనే ఇద్దరు అమెరికాలో మరో మెట్టు పైన పరీక్షించారు. సీడీ కన్న సూక్ష్మమైన ధ్వనిముద్రణను, దానినే సీడీ స్థాయికి దించి పక్కన పెట్టి అడిగారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. సరిగ్గా నాణెం చెప్పినంత. 2016లో జాషువా రైస్ ఇటువంటివే పద్దెనిమిది పరిశోధనలను, పన్నెండున్నర వేలకు పైబడిన ప్రయత్నాలను కలిపి లెక్కగట్టి, నూటికి 52.3 మంది సరిగా చెప్పినంత ఫలితం తేల్చాడు; శిక్షణ ఉన్నవారిలో అది పెరిగిందన్నాడు. ఆయన మాట కూడా నేను దాచడం లేదు. సూక్ష్మమైన తేడా ఎక్కడో, ఎవరికో, ఎప్పుడో తెలియవచ్చు. కాని యాభైకి రెండు పాళ్ళు పైన ఉన్న ఆ తేడాను పీనుగకూ ప్రాణికీ ఉన్న తేడాగా వర్ణించడం అతిశయోక్తి అలంకారమే తప్ప శ్రవణానుభవం కాదు.

అయినా మిత్రులు అబద్ధమాడుతున్నారని నేననుకోను. ఆయన విన్నారు. విన్నది దేనినన్నదే ప్రశ్న. రెండు ధ్వనుల్లో ఒకటి రవంత హెచ్చుగా ఉంటే మనకది హెచ్చని తోచదు, మెరుగని తోస్తుంది. దుకాణాలవారికి ఈ మర్మం తెలుసు. ఒకే పాట రెండు సీడీల్లో రెండు రకాలుగా దిద్ది ఉంటుంది. ఒక దిద్దుబాటు ఫ్లాక్‌గానూ మరొకటి ఎంపీత్రీగానూ దొరికితే ఆ తేడాను మనం కుదింపు ఖాతాలో వేస్తాము. వీటన్నింటికీ మించినది పేరు. తెర మీద ‘లాస్‌లెస్’ అన్న అక్షరాలు కనబడగానే చెవి నిటారుగా నిలుస్తుంది. పేరు మూసివేయగానే తేడా కూడా మాయమైతే ఆ తేడా పేరులో ఉన్నట్టే గదా.

ఇంతకూ మిత్రులు రోజూ వినేది తీగ లేని హెడ్‌ఫోన్లలో. బ్లూటూత్ సాధారణంగా ధ్వనిని తాను మళ్ళీ కుదించి పంపుతుంది, అదీ నష్టంతోనే. ఆపిల్ మ్యూజిక్ వారు 2021లో, స్పాటిఫై వారు 2025లో నష్టరహితమైన ధ్వనిని అందించడం మొదలుపెట్టారు. దానికి చందా కట్టి బ్లూటూత్‌లో వినడం, బిందె నిండా గంగాజలం తెచ్చి చిల్లి చెంబుతో తాగడమే. ఇంకొక విడ్డూరం ఉంది. ఆయన ‘పాతాళభైరవి’ పాటల్లో తేడా విన్నానంటారు. ఆ చిత్రం 1951 నాటిది. ఆనాటి 78 ఆర్‌పీఎం రికార్డులూ, ఫిలిం అంచున ముద్రించిన ధ్వనీ పది వేల కంపనాలకు పైన చెప్పుకోదగ్గ సంగీతమేదీ పట్టలేవు. ఆ పైన ఉన్నది గరగర మాత్రమే. పైగా అంతర్జాలంలో పంచుకుంటున్న పాత పాటల ఫ్లాకుల్లో ఎన్నో, ఎవరో ఎంపీత్రీని తెచ్చి ఫ్లాక్ సంచిలో కట్టినవే. గంగలో మునిగినంత మాత్రాన కాకి హంస కాదు. ఎంపీత్రీలో పోయినది ఫ్లాక్ చేస్తే తిరిగి రాదు.

నా చిన్నతనంలో మా ఊళ్ళో వినికిడి అంటే రేడియో. మీడియం వేవ్‌లో హైదరాబాదు కేంద్రం. ఆ ప్రసారంలో ఐదు వేల కంపనాలకు పైన దాదాపు ఏమీ మిగలదు. మా మిత్రుల కొలతలో అది ఎంపీత్రీ కన్న హీనమైన పీనుగ. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల వారు పోయినప్పుడు రేడియోలో ఆయన పాట వేస్తే మా వీధి అరుగుల మీద ఆడవారూ మగవారూ కూర్చుండి ఏడ్చారు. ఏ కంపనాలు తగ్గాయని ఏడుపు తగ్గింది?

ఇంతవరకు చదివినవారు కొందరు నవ్వుకొని, “పంతులు గారు కుండ బద్దలు కొట్టారు, ఇక అన్నీ ఎంపీత్రీలు చేసుకుందాం” అనుకుంటారేమో. అక్కడే ఆగండి. నా అసలు తగాదా మీతోనే.

1988లో నేను కొత్తగా తెలుగు పండితుడిగా చేరిన రోజుల్లో, అప్పటికి మెదక్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంలో, ఒక ఒగ్గు పూజారి మూడు రాత్రులు మల్లన్న కథ చెప్పాడు. నేను ఒక టూ-ఇన్-వన్ టేపు రికార్డరు ముందు పెట్టి ఆరు క్యాసెట్లు నింపాను. మిద్దె రాములు, చుక్క సత్తయ్య వంటి మహా కళాకారుల గొంతులు రేడియోలోనూ క్యాసెట్లలోనూ నిలిచాయి. ఈయన అంతటి పేరు మోసినవాడు కాడు. ఆయన గొంతు ఉన్నది ఆ ఆరు క్యాసెట్లలోనే. కథ ఎత్తుకునే ముందు తనకు ఈ విద్య నేర్పినవారి పేర్లు వరుసగా చెప్పి మొక్కాడు. మూడు తరాలు, మూడు పేర్లు.

2007లో ఆ క్యాసెట్లను పట్టణంలో ఒక దుకాణంలో ఇచ్చి సీడీ చేయించుకున్నాను. ఆ కుర్రవాడు మంచివాడే, కష్టపడ్డాడు కూడా. టేపు బుసబుస వినసొంపుగా లేదని దానిని తీసివేశాడు. సీడీలో అన్నీ పట్టాలని 64 కిలోబిట్ల ఎంపీత్రీ చేశాడు. క్యాసెట్లేవీ అని అడిగితే, “అన్నీ సీడీలోకి వచ్చాయి గదా సార్, పాతవి ఎందుకని పారేసినం” అన్నాడు. తేడా తెలియదు గదా అన్నాడు. సెల్లులో వేసి వినిపించాడు. ఆ సెల్లులో తేడా తెలియలేదు, నిజమే.

ఇంటికి వచ్చి నిదానంగా విన్నాను. తాళాలు నీళ్ళలో మోగినట్టున్నాయి. డోలు మీద దెబ్బ పడే ముందే దాని పొగ వంటి శబ్దం వినబడుతుంది. వంత పాడేవారి మాటల్లో శకార షకార సకారాలు మూడూ ఒకే సవ్వడి అయ్యాయి. గురువుల పేర్లలో మొదటి రెండూ వినిపిస్తాయి. మూడవ పేరు చెప్పే క్షణంలో డోలు మోగింది. క్యాసెట్టులో ఆ పేరు డోలు కింద సన్నగా వినబడేది. నేను వందసార్లు విన్నవాడినే, వ్రాసిపెట్టుకోవాలని మాత్రం తోచలేదు. ఇప్పుడు అక్కడ డోలు ఉంది, పేరు లేదు. కుదించే యంత్రం తన ధర్మం తాను చేసింది. కప్పబడినది అక్కరలేదని తీసివేసింది. ఆ పూజారి లేడు, వంతలూ లేరు. నన్ను నమ్మి నా ముందు పాడిన మనిషి తన గురువుకు పెట్టిన మొక్కును నేను పోగొట్టాను. తప్పు దుకాణం కుర్రవాడిది కాదు, నాది. పెట్టెలో దాచవలసినదానికీ చెవికి పెట్టవలసినదానికీ తేడా నాకప్పుడు తెలియదు.

నేటి యంత్రాలు బుసబుసను తీసి అడుగున ఉన్న గొంతును పైకి తేగలవు. మనవడు ప్రయత్నించాడు. బుసబుస ఉన్న అసలు టేపు దొరికితే అది కుదిరేదేమో. ఎంపీత్రీలో బుసబుసతోపాటు దాని చాటున ఉన్నది కూడా పోయింది గనుక, పైపొర తీస్తే కింద ఏమీ లేదు. చెవికి వినబడని తేడా ఎందుకు అన్న ప్రశ్నకు ఇదే సమాధానం. ఈ రోజు ఈ చెవికి వినబడదు. రేపు మరొక పనిముట్టుకు వినబడుతుంది. పైగా ఎంపీత్రీని తెరచి కత్తిరించి మళ్ళీ ఎంపీత్రీ చేస్తే, దానిని ఇంకొకరు యూట్యూబ్‌లో ఎక్కిస్తే, ప్రతి మజిలీలోనూ మరికొంత రాలుతుంది. ఒక్కొక్కసారి రాలినది ఎవరికీ తెలియదు. పది మజిలీల తరువాత అందరికీ తెలుస్తుంది, అప్పటికి అసలు ఉండదు.

నా విద్య తెలుగు గనుక తెలుగులో ఒక సాదృశ్యం చెబుతాను. నన్నయ నాటికి రేఫ, శకటరేఫ వేరు వేరు ధ్వనులు. ఈనాడు ర అన్నా ఱ అన్నా మన నోట ఒకటే, మన చెవికి ఒకటే. ఏబీఎక్స్ పరీక్ష పెడితే మహాపండితులు కూడా నాణెం లెక్కకే వస్తారు. అయినా రెండింటికీ ప్రాస కూడదని లాక్షణికులు పట్టుబట్టారు, పద్యం ఆ భేదాన్ని కాపాడింది. వినడానికి ఒకటే గదా అని ఏ లేఖకుడో పూర్వమే అన్నింటినీ రేఫగా మార్చి తాటాకులకెక్కించి ఉంటే, మన ‘ఆఱు’కూ తమిళుల ‘ఆఱు’కూ ఉన్న చుట్టరికం మన గ్రంథాల్లో చెరిగిపోయేది. చెవి మరచిపోయినదానిని వ్రాత దాచింది. తరువాతి తరాలవారికి అది పనికివచ్చింది. బ్రౌను దొర ఒక్కొక్క కావ్యానికి ఎన్నో ప్రతులు సేకరించి, పండితులను పెట్టుకొని పోల్చి చూపించాడంటే కారణమేమిటి? ప్రతికి ప్రతి వ్రాసినప్పుడల్లా ఏదో ఒకటి జారుతుందని ఆయనకు తెలుసు.

నేను ర, ఱ ల భేదం వినగలనని ప్రగల్భాలు పలికితే అది దంభం. వినలేను గనుక ఱ ను కొట్టివేద్దామంటే అది ద్రోహం. ఫ్లాక్ విషయంలో నా మాట ఇంతే.

కనుక ఇంట్లో పాత క్యాసెట్లున్నవారికి నా విన్నపం. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం వారు నిర్దేశించిన కనీస మర్యాద సెకనుకు 48,000 కొలతలు, 24 బిట్లు. 96,000 అయితే మేలు. గంట క్యాసెట్టు కనీస మర్యాదలో సుమారు ఒక జీబీ అవుతుంది, ఫ్లాక్ చేస్తే ఇంకా తగ్గుతుంది. ఈనాటి పెన్‌డ్రైవుల ధరలో అది లెక్కలోనిది కాదు. మొదటి ప్రతిలో బుసబుస తీయకండి, గొంతు పెంచకండి, ఏదీ కత్తిరించకండి. దగ్గూ, కుక్క అరుపూ, టేపు గురగురా అన్నీ ఉండనీయండి. ఆ ప్రతిని రెండు చోట్ల దాచండి. ఎవరు పాడారో, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో అన్నది గొంతుతో కూడా చెప్పి చేర్చండి, కాగితం మీద కూడా వ్రాయండి. దాని నుంచి ఎన్ని ఎంపీత్రీలైనా చేసి పంచుకోండి, నడకలో వినండి, ఏ నామోషీ లేదు. క్యాసెట్టును మాత్రం పారవేయకండి.

ఆలస్యం చేయడానికి వ్యవధి లేదు. టేపులు పాడుకావడం ఒక ఎత్తు, వాటిని ఆడించే యంత్రాలూ విడిభాగాలూ బాగుచేసేవారూ లేకపోవడం మరొక ఎత్తు. యునెస్కో, ఆ భాండాగారాల సంఘం కలిసి 2019లో మొదలుపెట్టిన హెచ్చరిక కార్యక్రమంలో 2025ను గడువుగా చెప్పారు. ఆ గడువు వచ్చింది, పోయింది.

ఇక మా మిత్రుల సంగతితో ముగిస్తాను. పరీక్ష అయిన రాత్రి భోజనాల దగ్గర మాటల్లో తేలింది. ఆయన తల్లిగారు పాడిన బతుకమ్మ పాటలు, తమ్ముడి పెళ్ళినాటి పాటలు రెండు డజన్ల క్యాసెట్లు వారి ఊరి ఇంటి అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయట. ఆమె పోయి పదిహేనేళ్ళు. పెట్టె తెరచి ఎన్నాళ్ళయిందంటే ఆయన జవాబు చెప్పలేదు. మార్కెట్లో కోట్ల ప్రతులున్న సినిమా పాటలో ఒక్క బిట్టు పోతుందేమోనని నెల నెలా చందా కట్టే మనిషి, ప్రపంచంలో ఒకే ఒక్క ప్రతి ఉన్న కన్నతల్లి గొంతును ఎలుకలకూ ఎండకూ వదిలివేశారు.

సారూ, పదహారింటికి తొమ్మిది వచ్చినందుకు మీరు నొచ్చుకోవద్దు, నాకు ఏడే వచ్చాయి. మా ఇంట్లో ఆడే క్యాసెట్ డెక్ ఒకటి బాగుచేయించి పెట్టాను, మనవడు కంప్యూటరుకు కలిపే తీగ కూడా అమర్చి వెళ్ళాడు. ఆదివారాలు నేను ఖాళీ. ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గర ఒగ్గు కథలు, చిందు యక్షగానాలు, బతుకమ్మ పాటలు, ఇంటి పెద్దల మాటలు ఉన్న టేపులున్నా తీసుకురండి. ఎక్కించి, టేపు మీ చేతికే తిరిగి ఇస్తాను.

సారూ, ముందు ఆ పెట్టె అటక మీది నుంచి దించండి. ఫ్లాక్ సంగతి తరువాత మాట్లాడుకుందాం.

స్వస్తి.